మెల్లగా తగ్గే కూలెంట్ ఎటు పోతోందో చూపించే పనిముట్టు: చేతి పంపు ప్రెషర్ టెస్టర్ కిట్ సమీక్ష

కారు కింద నేల పొడిగానే ఉంటుంది, బానెట్ ఎత్తి చూస్తే ఎక్కడా తడి కనబడదు, అయినా రిజర్వ్ డబ్బాలో ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్ మాత్రం పై గీత నుంచి కింది గీతకు కొన్ని వారాల్లో దిగిపోతూ ఉంటుంది. ఇలాంటి మెల్లని లీకును ఇంటి దగ్గరే, మన చేతులతో మనమే పట్టుకోవడానికి కూలింగ్ సిస్టమ్ ప్రెషర్ టెస్టర్ అనే పనిముట్టు ఉంది. పదేళ్ళు దాటిన నా పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ మీద దానిని వాడి, లీకు ఎక్కడుందో చూసి, బాగుచేసుకున్నాక ఈ సమీక్ష రాస్తున్నాను. అచ్చం ఒకే కిట్‌ను ఆన్‌లైన్‌లో రకరకాల పేర్లతో అమ్ముతున్నారు కనుక, ఫలానా కంపెనీది అని కాకుండా ఈ రకం కిట్ ఎంతవరకు నమ్మదగ్గది, ఏ పనికి చాలదు అన్నదే నా విషయం.

మెల్లని లీకు ఎందుకు కంటబడదో ముందుగా చెప్పుకోవాలి, ఈ పనిముట్టు విలువంతా అక్కడే ఉంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కూలెంట్ సుమారు 90 డిగ్రీల సెల్సియస్ వేడిలో, ఒక్కోసారి ఒక బార్‌కు దగ్గరగా ఉండే ఒత్తిడిలో తిరుగుతుంది. ఆ ఒత్తిడికి వెంట్రుకవాసి సందు దొరికినా చాలు, బొట్టు బయటికి వస్తుంది. అయితే అలా వచ్చిన బొట్టు కాలిపోతున్న ఇంజిన్ బ్లాకు మీదనో సైలెన్సర్ గొట్టం మీదనో పడి నేలకు చేరేలోపే ఆవిరైపోతుంది. బండి ఆపి ఇంజిన్ చల్లారనిస్తే లోపలి ఒత్తిడి పోయి, దానితోపాటే కారడం కూడా ఆగిపోతుంది. లీకు ఉన్నంతసేపు మనం చెయ్యి పెట్టలేము, చెయ్యి పెట్టగలిగే వేళకు లీకు ఉండదు. టెస్టర్ ఈ చిక్కును విడదీస్తుంది: ఇంజిన్‌ను చల్లగానే ఉంచి, ఒత్తిడిని మాత్రం చేతి పంపుతో ఎక్కిస్తుంది. అప్పుడు వచ్చిన బొట్టు ఆవిరి కాకుండా వచ్చిన చోటే నిలుస్తుంది, మనం టార్చి వేసి తీరిగ్గా చూసుకోవచ్చు.

నా దగ్గరికి వచ్చిన కిట్‌లో గేజ్ బిగించిన చేతి పంపు, దాని నుంచి వచ్చే పొడవాటి రబ్బరు గొట్టం, గొట్టం చివర నొక్కితే అతుక్కునే కప్లర్, రేడియేటర్ మూత స్థానంలో బిగించడానికి రంగురంగుల అల్యూమినియం అడాప్టర్లు, మూతను విడిగా పరీక్షించడానికి మరో అడాప్టర్, ఇవన్నీ అమర్చిన ప్లాస్టిక్ పెట్టె ఉన్నాయి. గేజ్ మీద బార్, పీఎస్ఐ రెండు కొలతలూ ముద్రించి ఉన్నాయి. ఒక బార్ అంటే సుమారు 14.5 పీఎస్ఐ. ధర ఐదు వేల పైచిలుకు పడింది. ఏడాదికోసారి కూడా తీయని పనిముట్టుకు ఇది తక్కువ ధర కాదు. కానీ లీకు దొరక్క మొదట హోస్ పైపులు, ఆ తరువాత వాటర్ పంప్, చివరికి రేడియేటర్ అంటూ అనుమానం మీద ఒక్కొక్కటే మార్పించుకుంటూ పోయేవారి ఖర్చు ముందు ఇది పెద్ద మొత్తమేమీ కాదు.

పెట్టె మూత లోపల ఏ అడాప్టర్ ఏ కారుకో చెప్పే పట్టిక అంటించి ఉంది. అందులో జపాన్, కొరియా, యూరప్, అమెరికా కంపెనీల పేర్లు ఉన్నాయి గాని మన దేశపు కంపెనీల పేర్లు లేవు. ఇది లోపమే అయినా దాటలేని లోపం కాదు. మన రోడ్ల మీద తిరిగే జపాన్, కొరియా కంపెనీల చిన్న కార్లలో చాలావాటికి రేడియేటర్ మెడ మీదే నొక్కి తిప్పే లోహపు మూత ఉంటుంది. ఆ మెడలు ప్రధానంగా చిన్నది, పెద్దది అని రెండు కొలతల్లో వస్తాయి కనుక, పట్టికలో జపాన్ కార్లకు చూపిన అడాప్టర్లలో ఏదో ఒకటి సరిపోయే అవకాశం ఎక్కువ. యూరప్ పద్ధతి కార్లలో మూత రేడియేటర్ మీద ఉండదు. ఒత్తిడిని తట్టుకునే తెల్లటి ప్లాస్టిక్ ట్యాంకు మీద మరచుట్లతో బిగుసుకుంటుంది. వాటికి మరల కొలతలు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి, అందుకే కిట్‌లో ఎక్కువ అడాప్టర్లు వాటికోసమే ఉంటాయి. నా కారుది మొదటి రకం. అడాప్టర్ లోపలి రబ్బరు వాషర్‌ను కాస్త కూలెంట్‌తో తడిపి బిగిస్తే గట్టిగానే పట్టింది.

అన్నిటికంటే ముందు పరీక్షించవలసింది రేడియేటర్ మూతనే అని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే అది అన్నిటికంటే చవకైన భాగం, అందరూ చివరికి గాని గుర్తు చేసుకోని భాగం. ఆ మూత గొట్టానికి పెట్టిన బిరడా కాదు, అందులో రెండు వాల్వులు ఉన్నాయి. కూలెంట్ వేడెక్కి వ్యాకోచించినప్పుడు ఒత్తిడి మూత మీద రాసిన హద్దు దాటితే పెద్ద స్ప్రింగు కింది వాల్వు లేచి, అదనపు కూలెంట్‌ను సన్నని గొట్టం ద్వారా రిజర్వ్ డబ్బాలోకి వదులుతుంది. ఇంజిన్ చల్లారి లోపల శూన్యం ఏర్పడినప్పుడు మధ్యలో ఉన్న చిన్న వాల్వు తెరుచుకుని, డబ్బాలోని కూలెంట్‌ను తిరిగి లోపలికి పీల్చుకోనిస్తుంది. మూత మీద 0.9 అనో 1.1 అనో ఉండే అంకె ఈ హద్దునే చెబుతుంది. జపాన్ పద్ధతి మూతల మీద అది చదరపు సెంటీమీటరుకు కిలోల లెక్క, బార్‌కు చాలా దగ్గర కనుక మన పనికి రెండూ ఒకటేననుకోవచ్చు. ఈ ఒత్తిడి ఎందుకు ముఖ్యమంటే, మామూలుగా 100 డిగ్రీల దగ్గర మరిగే నీరు, అదనంగా ఒక బార్ ఒత్తిడి ఉంటే 120 డిగ్రీల దాకా మరగదు. మూత నీరసించి ముందుగానే వదిలేస్తూ ఉంటే ఆ రక్షణ పోవడమే కాక, కూలెంట్ రిజర్వ్ డబ్బా నిండి పొర్లి, ఆవిరై పోతూ ఉంటుంది. బయట ఎక్కడా లీకు లేకుండానే మట్టం తగ్గుతుంది.

నా మూత మీద 1.1 అని ఉంది. దానిని అడాప్టర్‌కు బిగించి మెల్లగా పంపు కొడుతుంటే ముల్లు 0.7 దాటగానే ఆగిపోయి, ఎంత కొట్టినా పైకి పోక, పంపు ఆపగానే వెనక్కి జారింది. మూత అడుగున ఉన్న రబ్బరు వాషర్‌ను వేలితో తడిమితే మెడ అంచు నొక్కుకున్న గీత లోతుగా తెలిసింది. ఆ గీత ఒకచోట బీటగా మారి, అందులో కూలెంట్ ఎండగా మిగిలిన గులాబి రంగు పొడి ఇరుక్కుని ఉంది. అదే అంకె గల కొత్త మూత తెచ్చి పరీక్షిస్తే ముల్లు 1 దాటి 1.1 దగ్గరికి వెళ్ళాకే వదిలింది. ఈ ఒక్క పరీక్షతో మూత సంగతి తేలడమే కాక, టెస్టర్ గేజ్ మరీ తప్పుగా చూపడం లేదని, దాని గొట్టం, కప్లర్ గాలి వదలడం లేదని కూడా రుజువైంది. ఇలాంటి చవక కిట్ కొన్నవారు కారు మీద పెట్టే ముందు కొత్త మూతతో ఈ పరీక్ష చేసుకుని తీరాలి, లేకపోతే టెస్టర్‌లోని లీకును కారు లీకని భ్రమపడే ప్రమాదం ఉంది.

ఇక అసలు పరీక్ష. ఇంజిన్ రాత్రంతా చల్లారి ఉండాలి. వేడి ఇంజిన్ మీద మూత తీయడం ప్రమాదకరం అన్నది అందరికీ తెలిసిన కారణం. దానికి తోడు, గోరువెచ్చగా ఉన్న కూలెంట్ చల్లారుతూ సంకోచిస్తుంది కనుక లీకు లేకపోయినా గేజ్ ముల్లు దిగుతూ ఉంటుంది. మూత తీశాక రేడియేటర్‌ను మెడ అంచు దాకా నింపాలి. కిట్‌తో వచ్చిన కాగితంలో ఈ మాట లేదు గాని, మెల్లని లీకు విషయంలో ఫలితమంతా దీనిమీదే ఆధారపడుతుంది. కూలెంట్ నొక్కితే అణగదు, గాలి అణుగుతుంది. లోపల గాలి ఎక్కువ ఉంటే కొన్ని బొట్లు బయటికి పోయినా ఆ గాలి కాస్త వ్యాకోచించి ఒత్తిడిని దాదాపు అలాగే నిలబెడుతుంది, ముల్లు కదిలినట్టే ఉండదు. మెడ దాకా నింపితే టెస్టర్ గొట్టంలో ఉన్న కొద్దిపాటి గాలి మాత్రమే మిగులుతుంది, అందువల్ల రెండు బొట్లు పోయినా ముల్లు దిగడం కంటికి తెలుస్తుంది. క్యాబిన్‌లో హీటర్ మీటను పూర్తిగా వేడి వైపు తిప్పి ఉంచాలి; కొన్ని కార్లలో హీటర్‌కు వెళ్ళే దారిలో వాల్వు ఉంటుంది, అది మూసి ఉంటే ఆ భాగం పరీక్షకే రాదు.

పంపు మెల్లగా కొడుతూ మూత మీది అంకె దాకా తీసుకెళ్ళాలి, దానిని దాటకూడదు. రేడియేటర్ రెండు వైపులా ఉండే ట్యాంకులు ప్లాస్టిక్‌వి, లోపలి హీటర్ కోర్, అంటే క్యాబిన్‌కు వేడి గాలినిచ్చే చిన్న రేడియేటర్, పలుచటి అల్యూమినియంది. అనుమానం తీరలేదని ఇంకాస్త ఇంకాస్త అంటూ కొడితే లేని లీకు పుడుతుంది. పంపు ఆపిన మొదటి నిమిషంలో ముల్లు కొద్దిగా దిగడం మామూలే, అది హోస్ పైపులు ఒత్తిడికి కాస్త ఉబ్బి సర్దుకోవడం వల్ల. మళ్ళీ ఒకటి రెండు సార్లు కొట్టి హద్దుకు తెచ్చాక ముల్లు నిలిచిందా, దిగుతోందా అన్నదే లెక్క. నా కారు మీద అది నిలవలేదు. చూస్తూ ఉంటే కదిలినట్టు అనిపించదు. పావుగంట తరువాత వచ్చి చూస్తే 1.1 నుంచి 0.9 కిందికి వచ్చి ఉంది. కప్లర్ చుట్టూ సబ్బు నురుగు రాసి బుడగలు రావడం లేదని చూసుకున్నాక, ఇది కారులోని లీకేనని నమ్మకం కుదిరింది.

వెతకడానికి కావలసినవి చిన్న టార్చి, పిడి ఉన్న అద్దం, తెల్లటి టిష్యూ కాగితాలు. నా అనుభవంలో కళ్ళకంటే కాగితమే ముందు చెప్పింది. ప్రతి జాయింటు కిందా వేలికి చుట్టిన టిష్యూతో అద్దుతూ పోతే, ఇంజిన్ వెనుక, క్యాబిన్ గోడ వైపు హీటర్ నుంచి తిరిగి వచ్చే గొట్టం దగ్గర కాగితం అంచు లేత గులాబి రంగుకు మారింది. అద్దం పెట్టి చూస్తే, రబ్బరు గొట్టం అల్యూమినియం ముక్కుకు ఎక్కే చోట, తుప్పు పట్టిన స్ప్రింగు క్లిప్పు కింద తెల్లగా, అక్కడక్కడ గులాబిగా ఉప్పు పేరుకున్నట్టు పెచ్చు ఉంది. దాని అంచున సన్నని బొట్టు ఉబ్బి, చాలాసేపు వేలాడి, గొట్టం అడుగునే జారుతూ జానెడు దూరం పోయి, గేర్‌బాక్స్ మీద పడుతోంది. గేర్‌బాక్స్ మీది ఆ మరకను మాత్రమే చూసి ఉంటే ఎవరైనా దాని పైనున్న మరో జాయింటునే అనుమానిస్తారు. తడి ఎక్కడ కనబడితే అక్కడే లీకు ఉందనుకోవడం ఈ పనిలో అందరినీ దారి తప్పించే ఊహ. తడి వెంట పైకి వెళ్ళాలి, అన్నిటికంటే పైన ఉన్న తడి చోటే లీకు.

ఈ పరీక్షలో బయట ఏమీ దొరకకుండా ముల్లు మాత్రం దిగుతూ ఉంటే వెతకవలసినవి మరికొన్ని ఉన్నాయి. ముందు సీట్ల దగ్గర తివాచీ కింద తేమ, క్యాబిన్‌లో తియ్యటి వాసన, ముందు అద్దం లోపలివైపు జిడ్డు పొగమంచులా పట్టడం ఉంటే హీటర్ కోర్‌ను అనుమానించాలి. వాటర్ పంప్ అడుగున కావాలనే పెట్టిన చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది, లోపలి సీలు పోయినప్పుడు కూలెంట్ బేరింగులోకి పోకుండా అక్కడి నుంచి కారుతుంది. ఆ రంధ్రం కింద కారిన చార ఉంటే పంపు మార్చాల్సిందే. ఇంజిన్ బ్లాకుకూ దాని పైనుండే సిలిండర్ హెడ్‌కూ మధ్య ఉండే సీలు, అంటే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం ఉంటే టెస్టర్‌ను బిగించి ఉంచే, పంపు కొట్టకుండా, చల్లని ఇంజిన్‌ను స్టార్ట్ చేసి చూడవచ్చు. కూలెంట్ వేడెక్కేంత సమయం గడవకముందే ముల్లు వేగంగా లేస్తూ ఉంటే సిలిండర్‌లోని వాయువులు కూలెంట్‌లోకి దూరుతున్నాయని అర్థం. అప్పుడు వెంటనే ఇంజిన్ ఆపేసి, పని తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళడమే మంచిది, అది ఇంటి దగ్గర తేలే పని కాదు.

మళ్ళీ నా లీకు దగ్గరికి వస్తాను. టెస్టర్‌లోని ఒత్తిడిని వదిలే మీట నొక్కి ముల్లు సున్నాకు వచ్చాకే అడాప్టర్ విప్పాలి. రేడియేటర్ అడుగున ఉన్న మర వదులు చేసి, ఆ గొట్టం మట్టం కిందికి దిగేదాకా కూలెంట్‌ను శుభ్రమైన బేసిన్‌లోకి దింపాను. పాత గొట్టం ముక్కుకు అతుక్కుపోయి ఉంటుంది; స్క్రూ డ్రైవర్‌తో పెకలిస్తే ముక్కు మీద గీత పడి కొత్త లీకు తయారవుతుంది. ఎలాగూ పారవేసే గొట్టం కనుక బ్లేడుతో పొడవునా చీరి, అరటి తొక్క వలిచినట్టు వలిచి తీయడమే క్షేమం. లోపల అల్యూమినియం ముక్కు మీద గరుకైన తెల్లటి బూడిద పొర ఉంది. గొట్టం ఎంత కొత్తదైనా ఆ గరుకు మీద సరిగా కూర్చోదు కనుక, నున్నటి ఎమెరీ కాగితాన్ని తడిపి, ముక్కు చుట్టూ అడ్డంగా రుద్ది, లోహం మెరిసేదాకా శుభ్రం చేశాను. పొడవు వెంట రుద్దకూడదు, ఆ గీతలే కూలెంట్‌కు కాలువలవుతాయి.

కొత్త గొట్టం కోసం విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోని ఒక స్పేర్లు కొట్టుకు పాత ముక్క పట్టుకుని వెళితే, "ఈ సైజులో పెట్రోల్ పైపు ఉందండీ, ఏదైనా ఒకటే, వేసేయండి" అన్నారు. "వద్దండీ, వేడి నీళ్ళ పైపే కావాలి, ఉంటేనే ఇవ్వండి" అని అడిగాక లోపలి నుంచి సరైనది తీసి ఇచ్చారు. ఈ పట్టుదల అవసరం. కూలెంట్ గొట్టాలు సాధారణంగా ఈపీడీఎం అనే రబ్బరుతో చేస్తారు, అది వేడి నీటినీ కూలెంట్‌లో ఉండే గ్లైకాల్‌నూ ఏళ్ళ తరబడి తట్టుకుంటుంది, కానీ పెట్రోలు, ఆయిలు తగిలితే ఉబ్బిపోతుంది. పెట్రోల్ గొట్టపు రబ్బరు స్వభావం దీనికి సరిగ్గా తలకిందులు. అందుకే గొట్టం సులువుగా ఎక్కడానికి ఆయిల్ గాని గ్రీజు గాని రాయకూడదు, కూలెంట్‌తోనే తడపాలి. క్లిప్పు విషయంలో కూడా కంపెనీ వేసిన స్ప్రింగు రకాన్నే మళ్ళీ వేయడం మేలని నా అభిప్రాయం. రబ్బరు వేడికి ఉబ్బినా, ఏళ్ళు గడిచి అణిగినా స్ప్రింగు దానితోపాటు సర్దుకుని పట్టు నిలబెడుతుంది. స్క్రూతో బిగించే క్లిప్పు బిగించిన రోజున గట్టిగా ఉంటుంది, రబ్బరు అణిగాక వదులవుతుంది, మరీ బిగిస్తే రబ్బరును కోస్తుంది. క్లిప్పు ముక్కు చివరి ఉబ్బు మీద కాక, దాన్ని దాటి లోపలివైపు కూర్చోవాలి.

నింపే విషయంలో మన ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఉంది. రేడియేటర్‌లో బోరు నీళ్ళు పోసే అలవాటు మన ఊళ్ళలో ఇంకా పోలేదు. బోరు నీటిలోని లవణాలు వేడికి గారగా మారి రేడియేటర్ సన్నని గొట్టాల గోడలకు పడతాయి, క్లోరైడ్లు అల్యూమినియాన్ని తింటాయి. నేను రుద్ది తీసిన బూడిద పొర లాంటివి అలా పుట్టినవే. కూలెంట్ గాఢంగా ఉన్నదైతే డిస్టిల్డ్ వాటర్‌తో, అంటే బ్యాటరీలకు పోసే నీటితో, సగం సగం కలపాలి. కలిపి అమ్మేదైతే అలాగే పోయాలి, మళ్ళీ నీరు కలపకూడదు. మనకు మంచు పట్టే చలి లేదు కదా, కూలెంట్ ఎందుకు అనేవారు ఉన్నారు. ఇథిలిన్ గ్లైకాల్ సగం కలిసిన మిశ్రమం మామూలు ఒత్తిడిలోనే 107 డిగ్రీల దాకా మరగదు, పైగా అందులోని తుప్పు నిరోధకాలు అల్యూమినియాన్ని, వాటర్ పంప్ సీలును కాపాడతాయి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయనే మన ఎండల్లో ఏసీ వేసుకుని శ్రీశైలం ఘాట్ ఎక్కే కారుకు ఆ తేడా చిన్నది కాదు. రంగు చూసి కూలెంట్ కొనవద్దు. రంగు కంపెనీ ఇష్టం, రసాయనం వేరు. కారు పుస్తకంలో రాసిన రకాన్నే అడిగి తీసుకోవాలి.

దింపిన కూలెంట్‌ను మురుగు కాలువలో పోయకూడదు, బేసిన్‌లో తెరిచి వదిలేయకూడదు. ఇథిలిన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు, పిల్లులు నాకుతాయి, చిన్నపిల్లలు వేలు పెట్టి నోట్లో పెట్టుకుంటారు. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, వాడిన ఆయిల్‌ను సేకరించే పెద్ద వర్క్‌షాపును అడిగి అక్కడ ఇవ్వడం మంచిది.

కొత్త కూలెంట్ నింపాక లోపల చిక్కుకున్న గాలి తీయడం ఓపికతో చేయవలసిన పని. కారు ముందు భాగం కాస్త ఎత్తుగా ఉండే వాలులో పెట్టి, హీటర్‌ను వేడి వైపు ఉంచి, మూత తీసే ఉంచి ఇంజిన్‌ను మొదలుపెడితే బుడగలు వస్తూ మట్టం దిగుతుంది, దిగినకొద్దీ పోయాలి. ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే వాల్వు, అంటే థర్మోస్టాట్, 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకున్నాక పై హోస్ వేడెక్కుతుంది, మట్టం ఒక్కసారిగా పడుతుంది. పొంగి చిందవచ్చు కనుక ముఖం దూరంగా ఉంచాలి. మూత పెట్టి ఫ్యాన్ తిరిగి ఆగేదాకా నడిపి, పూర్తిగా చల్లారనిచ్చి, మరునాడు పొద్దున టెస్టర్ మళ్ళీ బిగించాను. ఈసారి 1.1 దగ్గర పెట్టిన ముల్లు టిఫిన్ చేసి వచ్చేసరికి కూడా అక్కడే ఉంది. ఈ కిట్ నాకిచ్చిన అసలు విలువ ఈ రెండో పరీక్షే. ఇది లేకపోతే బాగుపడిందో లేదో తెలియడానికి రిజర్వ్ డబ్బా గీతను మళ్ళీ వారాల తరబడి చూస్తూ కూర్చోవలసి వచ్చేది.

దీనికి బదులుగా చెప్పే ఉపాయాల్లో కూలెంట్‌లో కలిపి అతినీలలోహిత టార్చితో చూసే రంగు ద్రవం ఒకటి నిజంగా పనికొస్తుంది. ముఖ్యంగా ఇంజిన్ వేడెక్కినప్పుడు మాత్రమే తెరుచుకునే లీకును చల్లని పరీక్ష పట్టలేకపోవచ్చు, రంగు ద్రవం పట్టుకుంటుంది. అయితే కొన్నాళ్ళు బండి నడపాలి, మూత సంగతి అది చెప్పదు. రేడియేటర్‌లో పోస్తే లీకు దానంతటదే మూసుకుంటుందనే సీసాల మందును నేను ఎవరికీ చెప్పను. పాతకాలపు జీపుల్లో, లారీల్లో దారి మధ్య రేడియేటర్ కారితే డ్రైవర్లు పసుపు పోసి ఊరు చేర్చేవారు. వెడల్పాటి గొట్టాలున్న ఆ ఇత్తడి రేడియేటర్లకు, దిక్కులేని చోట, అది చెల్లింది. నేటి అల్యూమినియం రేడియేటర్ గొట్టాలూ హీటర్ కోర్ దారులూ చాలా సన్నవి. లీకును పూడ్చే పదార్థం వాటినీ పూడుస్తుంది.

కిట్ మీద నా ఫిర్యాదులు కొన్ని ఉన్నాయి. గేజ్ అంకెలు చిన్నవి, 0.1 బార్ తేడాను చదవడానికి కళ్ళు దగ్గర పెట్టాలి; మెల్లని లీకు వెతికేవారికి కావలసింది సరిగ్గా ఆ చిన్న తేడానే. పంపు ఒత్తిడి వదిలే మీట మరీ సున్నితం, చెయ్యి తగిలితే వదిలేస్తుంది. అడాప్టర్ల లోపలి రబ్బరు వాషర్లకు బదులు అదనంగా ఒక్కటీ ఇవ్వలేదు, అరిగే భాగం అదే. పెట్టె కీలు పలుచన. సూచనల కాగితం దాదాపు నిరుపయోగం; హద్దు దాటి పంపు కొట్టవద్దన్న హెచ్చరిక పెద్ద అక్షరాలతో ఉండవలసింది, అది కూడా కనబడదు. మెడ దాకా నింపమనడం, గొట్టాలు సర్దుకోవడానికి సమయం ఇవ్వమనడం లాంటివి లేకపోవడం వల్ల కొత్తవారు సరైన ఫలితాన్ని తప్పుగా చదివే అవకాశం ఉంది. పంపు, గొట్టం, కప్లర్ మాత్రం గట్టివే, వాటి మీద నాకు ఏ సందేహమూ లేదు.

కొనేవారు ముందుగా తమ కారు మూత ఏ రకమో, దాని మీద ఏ అంకె ఉందో చూసుకుని, అమ్మకందారు ఫొటోల్లోని అడాప్టర్లతో పోల్చుకోవాలి. గేజ్ 2.5 బార్ దాకా మాత్రమే ఉన్నది తీసుకోవడం మేలు. అంతకంటే ఎక్కువ దాకా చూపే గేజ్‌లో మనకు కావలసిన భాగం ఇరుకైపోతుంది. తిరిగి ఇచ్చే గడువు ముగియకముందే కొత్త మూతతో పరీక్షించి ముల్లు నిలుస్తోందో లేదో చూడాలి. అమెరికాలో ఉన్న మనవాళ్ళు అసలు కొననక్కర్లేదు, ఆటోజోన్ లాంటి విడిభాగాల దుకాణాలు పనిముట్లను డిపాజిట్ మీద ఎరువిస్తాయి, తిరిగి ఇస్తే డిపాజిట్ వెనక్కి వస్తుంది. మన దగ్గర అలాంటి ఏర్పాటు నాకు కనబడలేదు కాబట్టి, ఒకే అపార్ట్‌మెంటులో పాత కార్లున్న నలుగురు కలిసి ఒకటి కొనుక్కోవడం తెలివైన పని. మా బ్లాకులో ఇప్పుడు అదే చేస్తున్నాము. అడాప్టర్లు కడిగి, తుడిచి, ఆరబెట్టి పెట్టెలో పెట్టాలన్నది ఒక్కటే షరతు, ఎందుకంటే ఒక కారు కూలెంట్ మరో కారు కూలెంట్‌లో కలవకూడదు.